సానరాయి చప్పుడు

పది గంటల అయిదు నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ టెస్టింగ్ రూములోకి అడుగు పెట్టింది. పెట్టిన అడుగు వెనక్కి తీసుకోవాలనిపించింది.

శవాన్ని చూసి కాదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో శవాలు అలవాటైపోయాయి. గోడను చూసి భయపడింది. గోడ నిండా కత్తులు. చిన్నవీ పెద్దవీ ముప్ఫైకి పైగా, మొనలు కిందికి పెట్టి వేలాడుతున్నాయి. ఆవిడకు కత్తులంటే చచ్చేంత భయం. ఇంట్లో కూరగాయలు తరిగేది భర్తేనని స్టేషనంతటికీ తెలుసు. ఆవిడ ముందు నవ్వే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

క్యాంపింగ్ సామాన్లు తయారుచేసే కంపెనీ అది. టెంట్లు, తాళ్ళు, లాంతర్లు, కత్తులు. మార్కెట్లోకి వెళ్ళబోయే ప్రతి కత్తినీ ముందుగా ఒక మనిషి నాలుగైదు రోజులు వాడి చూస్తాడు. కట్టెలు కొడతాడు, తాళ్ళు కోస్తాడు, టెంటు మేకులు చెక్కుతాడు. ఆయన సంతకం పెడితేనే కత్తి గడప దాటుతుంది. కంపెనీలో అందరూ ఆయన్ని పదును మాస్టారు అంటారు.

ఆ పదును మాస్టారే ఇప్పుడు చెక్క మొద్దు పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. మెడకు ఎడమ పక్కన లోతైన గాయం. కుడి చేతి దగ్గర కొత్త రకం కత్తి. మడత పెట్టడానికి వీల్లేనిది, పది అంగుళాల బ్లేడు, నల్లటి పిడి. బ్లేడు మీద రక్తం.

"చెయ్యి జారి తనకే తగిలిందేమో మేడమ్," అన్నాడు కానిస్టేబుల్.

పోలీసు డాక్టర్ తల అడ్డంగా ఊపాడు.

"తగిలాక ఎవరో బయటికి లాగారు. ఇలా తనంతట తను లాక్కోలేడు. లాగకుండా ఫోన్ చేసి ఉంటే బతికేవాడేమో."

ముందు గదిలో మాస్టారి మేనకోడలు కుర్చీ అంచున కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మాస్టారి అక్క కూతురు. ఆయన దగ్గరే పని నేర్చుకుని ఆయనకే అసిస్టెంటయింది. చేతుల నిండా రక్తం. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ముందు చూసింది నువ్వేనా?"

"అవునండీ. తొమ్మిదీ నలభైకి. లేపబోయాను. అప్పటికే..."

"అంతకుముందు ఎక్కడున్నావ్?"

"ఇక్కడే. ఎనిమిదిన్నర నుంచీ మావయ్య మొద్దు కొడుతున్నాడు. నేను తొమ్మిదింటికి వచ్చి నిన్నటి నోట్సు టైపు చేసుకుంటున్నా."

"ఏమైనా వినిపించిందా?"

"తొమ్మిదీ పన్నెండుకి దబ్బుమని చప్పుడైంది. మొద్దు దొర్లిందనుకున్నా. కాసేపటికి మళ్ళీ నాలుగు దెబ్బలు. తర్వాత సాన పడుతున్న చప్పుడు. తొమ్మిదీ ఇరవై నుంచి తొమ్మిదిన్నర దాకా."

"టైము అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావ్?"

"పదింటికల్లా రిపోర్టు కావాలని మేనేజర్ గారు నిన్నటి నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారండీ. గడియారం చూసుకోవడం తప్ప నాకు వేరే పనేముంది?"

"నిన్న మీ ఇద్దరికీ గొడవైందట?"

ఆమె మొహం పాలిపోయింది.

"అయింది. సంతకం పెట్టెయ్ మావయ్యా అని అరిచాను. పిడి దగ్గర ఏదో తేడాగా ఉంది, ఇంకో రోజు కొట్టి చూస్తానన్నాడు. అంతేనండీ. నన్ను అరెస్టు చేస్తారా?"

ఇన్‌స్పెక్టర్ తలుపుల వంక చూసింది. టెస్టింగ్ రూముకు రెండు తలుపులు. వెనక తలుపు మూస్తే దానంతటదే తాళం పడుతుంది. బయటి నుంచి తెరవడానికి తాళంచెవి ఒక్కటే, అది మాస్టారి జేబులోనే దొరికింది. ముందు తలుపు దగ్గర కూర్చున్నది ఈ పిల్ల. గొడవ ఉంది, రక్తం ఉంది, తలుపు ఉంది. ఇంకేదైనా దొరక్కపోతే సాయంత్రానికి ఈమె లాకప్‌లో ఉంటుంది.

"నాకు భయమేస్తోందండీ," అంది మేనకోడలు. "చంపినవాడు ఈ బిల్డింగులోనే ఉండుంటాడు. నేనే చంపాననుకుని మీరు వాణ్ణి వదిలేస్తారేమో."

ఆ రెండు మాటలూ సబబుగానే ఉన్నాయి.

శవాన్ని తీసుకెళ్ళాక ఆవిడ ఒక్కతే ఆ గదిలో మిగిలింది. మాస్టారి నోట్‌బుక్ తెరిచింది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఒక్క వాక్యం. "రిపోర్టు పూర్తయ్యేదాకా సానరాయి ముట్టకూడదు." చివరి పేజీలో నిన్న సాయంత్రం అయిదూ పదికి రాసినది. "తాడు నూట ఎనభై కోతలు. కాగితం తెగడం లేదు, చిరుగుతోంది."

రెండుసార్లు చదివింది. గ్లవ్స్ వేసుకుంది. ఎవిడెన్స్ కవర్‌లోంచి మొహం పక్కకు తిప్పుకుని కత్తి బయటికి తీసింది. ఒక తెల్ల కాగితాన్ని రక్తం అంటని చోట అంచుకు ఆనించింది.

నొక్కలేదు. ఆనించింది, అంతే. కాగితం రెండు ముక్కలైంది.

ఆవిడ కత్తిని గబగబా కవర్‌లో పెట్టేసి, కానిస్టేబుల్‌ను పిలిచి చెవిలో ఏదో చెప్పి పంపింది.

పదకొండూ ఇరవైకి ముగ్గుర్నీ ఆ గదిలోకే పిలిపించింది. మేనేజర్, ఆ కత్తి గీసిన డిజైనర్, మేనకోడలు. మొద్దు పక్కన నేల ఇంకా తడిగానే ఉంది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు. ఒకరి వంక ఒకరు చూసుకోవడానికి కూడా జంకుతున్నారు.

"మేనేజర్ గారూ, తొమ్మిదీ ఇరవైకి ఎక్కడున్నారు?"

"మీటింగులో. తొమ్మిదిమంది సాక్ష్యం చెప్తారు."

"డిజైనర్ గారు?"

"నా రూములో. ఒక్కణ్ణే."

"ఈ కత్తి మీదేనా?"

"రెండేళ్ళ కష్టం మేడమ్," అన్నాడతను. ఆ మాటలో గర్వం దాచుకోలేకపోయాడు.

ఇన్‌స్పెక్టర్ మేనకోడలి వైపు తిరిగింది.

"పరీక్ష మధ్యలో మీ మావయ్య సాన పడతాడా?"

"అబ్బే, చస్తే పట్టడు. ఎంత వాడితే ఎంత మొద్దుబారుతుందో చూడ్డమే కదండీ పరీక్ష. మధ్యలో సాన పడితే ఇంక చూడ్డానికి ఏం మిగులు..."

మాట సగంలో ఆగిపోయింది. ఆమె గోడకు చేరగిలబడింది.

"మరి నేను విన్నది?"

"నువ్వు విన్నది మీ మావయ్యని కాదు," అంది ఇన్‌స్పెక్టర్. "నిన్న సాయంత్రం కాగితం కూడా తెగని కత్తి ఇవాళ ముట్టుకుంటే కోస్తోంది. పిడి దగ్గర తేడా కూడా లేదు. ఇది పరీక్షలో ఉన్న కత్తి కాదు. దాని తోబుట్టువు. ఎవరో మార్చారు. మార్చి, పక్కన మనిషి పడి ఉండగా కూర్చుని పదును పెట్టారు. ఆ పని దొంగ చెయ్యడు, పగవాడు చెయ్యడు. అంచు పాడైతే చూస్తూ ఊరుకోలేని మనిషి చేస్తాడు. అందరూ చేతులు చూపించండి."

మూడు జతల చేతులు ముందుకొచ్చాయి.

"తిప్పండి."

మేనేజర్ వేళ్ళకు పెన్ను సిరా. మేనకోడలి వేళ్ళకు ఎండిన రక్తం. డిజైనర్ చేతులు శుభ్రంగా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో మాత్రం బూడిదరంగు మడ్డి.

"సానరాయి మడ్డి సబ్బుకి ఓ పట్టాన వదలదు కదూ?"

డిజైనర్ వెనక్కి జరిగాడు. వీపు గోడకు తగిలింది. చెవి పక్కనే ఒక పెద్ద కత్తి వేలాడుతోంది. అతని చెయ్యి పైకి లేచింది.

పారిపొమ్మని ఇన్‌స్పెక్టర్ కాళ్ళు చెబుతున్నాయి. ఆమె వినలేదు. మేనకోడలికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"తియ్యకు," అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత అతను గోడ వెంబడే జారి నేల మీద కూలబడ్డాడు. అప్పుడే కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. డిజైనర్ సంచిలో దొరికిన టవల్ విప్పాడు. రక్తం అంటిన బ్లేడు ఒక ముక్క, ఖాళీ పిడి ఒక ముక్క. పిడిలోకి దిగాల్సిన ఇనుము రెండంగుళాలు కూడా లేదు.

"బరువు తగ్గాలని కురచ చేశాను," అన్నాడు డిజైనర్. "నేను చంపలేదు మేడమ్. పిడి చూడమని ఆయనే వెనక తలుపు తీసి పిలిచాడు. నా ముందే మొద్దు మీద కొట్టాడు. బ్లేడు ఊడి ఎగిరి ఆయన మెడలో దిగింది."

"లాగింది?"

"నేనే."

"ఫోనెందుకు చెయ్యలేదు?"

"ఊడిందని తెలిస్తే నా కత్తి పని అయిపోయినట్టే. తలుపుకి చెప్పు అడ్డం పెట్టి వెళ్ళి ఇంకో శాంపిల్ తెచ్చాను. వాడినట్టు కనబడాలని నాలుగు దెబ్బలు వేశాను. అంచు కాస్త పోయింది. అలా వదిలెయ్యలేకపోయాను. చెయ్యి దానంతటదే రాయి మీదికి పోయింది. తర్వాత ఆయన రక్తమే పూసి చేతి దగ్గర పెట్టాను."

"పది నిమిషాలు," అంది మేనకోడలు. "అప్పటికి మావయ్యకి ఊపిరుందా?"

అతను తల ఎత్తలేదు.

"అడిగిందానికి చెప్పు," అంది ఇన్‌స్పెక్టర్.

"ఉంది."

గోడ అవతల మేనకోడలు ఆ చప్పుడు వింటూ, మావయ్య పని చేసుకుంటున్నాడని నిశ్చింతగా టైపు చేసుకుంది. ఆ సంగతి ఎవరూ ఆమెకు విప్పి చెప్పలేదు.

"నువ్వింటికి వెళ్ళొచ్చు తల్లీ," అంది ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "నీ మీద ఏ కేసూ లేదు."

ఆమె వెళ్ళలేదు. డిజైనర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇలాంటివి ఇంకెన్ని చేశారు?"

"పన్నెండు. వాడి చూడమని, మాస్టారి సంతకం కాకముందే సర్వే టీముకి ఇచ్చాం. నిన్న అడవిలోకి వెళ్ళారు."

మేనేజర్ అడక్కుండానే ఫోన్ తీసి సర్వే టీము నంబరు కలిపి మేనకోడలికి ఇచ్చాడు. ఏడుసార్లు రింగయింది. ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టింది. ఎనిమిదోసారి ఎవరో ఎత్తారు.

"హలో, ఎవరండీ? సరిగ్గా వినబడ్డం లేదు. ఇక్కడ పొయ్యిలోకి కట్టెలు కొడుతున్నారు."

"చేతుల్లో కత్తులు కింద పెట్టమనండి," అంది మేనకోడలు. "అందరినీ. ఇప్పుడే. ఎందుకో తర్వాత చెప్తాను."

అవతల కట్టెలు కొట్టే చప్పుడు ఆగేదాకా ఆమె ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యలేదు.