ఎల్లుండి సీటు

"మూడు గంటల ప్రయాణమన్నారు! అలాగే అక్కకి ఫోన్ చేసి చెప్పా. తీరా చూస్తే పన్నెండు గంటలు! పాపం, పొద్దుటి నుంచి ఎయిర్‌పోర్ట్‌లో పడిగాపులు కాసింది!"

విదేశంలో ఉన్న అక్క దగ్గరికెళ్లి తిరిగొచ్చిన కళ్లజోళ్ల షాపు అమ్మాయి, ఎదురుగా ఉన్న ట్రావెల్స్ ఆఫీసు కౌంటర్ మీద చెయ్యి చరిచింది.

కౌంటర్ వెనక కుర్రాడు గబగబా లేచి నిలబడ్డాడు. ఉద్యోగానికి కొత్త. ఇక్కడ బయల్దేరే టైము, అక్కడ దిగే టైము చూసి, దాన్లోంచి దీన్ని తీసేసి చెప్పేశాడు. ఇక్కడి గడియారం వేరు, అక్కడి గడియారం వేరన్న సంగతే తట్టలేదు.

"సారీ అండీ. సరిగ్గా చూడలేదు."

"మా షాపుకి రండి. అద్దాలు ఫ్రీగా ఇస్తా."

నిజంగానే వెళ్లాడు. చూపు భేషుగ్గా ఉందని తేలింది. అయినా ఏదో వంకతో వెళ్తూనే ఉన్నాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ప్రేమ సంగతి మాత్రం గొంతు దాటలేదు. రెండేళ్లు అలా నాన్చాడు, మహానుభావుడు.

ఒక మధ్యాహ్నం ఆమె వానలో తడుస్తూ వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కకి సీరియస్‌గా ఉందట. ముందు ఏ ఫ్లైట్ ఉంటే అది బుక్ చెయ్యి. రిటర్న్ వద్దు. పిల్లలు మరీ చిన్నవాళ్లు, ఇక నేను అక్కడే."

అతను స్క్రీన్ చూశాడు. సాయంత్రం విమానంలో ఒక్క సీటుంది. తర్వాతది ఎల్లుండి.

"ఎల్లుండే ఉంది," అన్నాడు.

"సరే. నువ్వు చూశావుగా," అంది. స్క్రీన్ వైపు తొంగి కూడా చూడలేదు.

అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

"అబద్ధం చెప్పా. సాయంత్రం సీటుంది. రెండు రోజులైనా నువ్వు ఇక్కడుంటావని... నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె కళ్లు నిండాయి. కోపమో, దుఃఖమో అతనికి తెలియలేదు.

"ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని, ఇవాళా చెప్పేది? ముందు టికెట్ చెయ్యి."

చేశాడు. ఆమె వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున ఫోన్ వచ్చింది.

"అక్క నన్ను గుర్తుపట్టింది. చిన్నదాన్ని నా ఒళ్లో పెట్టించింది. ఇందాకే పోయింది."

చాలాసేపు ఏడుపే వినిపించింది. అతనూ ఏడ్చాడు.

"నువ్వు ముందు చెప్పిన ఇవాళ్టి ఫ్లైటే ఎక్కించి ఉంటే, జన్మలో నీ మొహం చూసేదాన్ని కాదు."

"నేనొస్తే చూస్తావా?"

"నీ ఉద్యోగం, మీవాళ్లు?"

"అమ్మకి చెప్పేశా. వెళ్లరా అంది."

అటువైపు పసిపిల్ల గుక్కపట్టింది. ఆమె దాన్ని ఊరుకోబెట్టి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"బావ గదిలోంచి బయటికి రావట్లేదు. పిల్లల ముందు నేను ఏడవకూడదు. త్వరగా రా."