వెయ్యమనే గుంత

గురజాల నుంచి మా ఊరికి వచ్చే అడ్డదారిలో పాత నాపరాళ్ళ గుంత ఒకటుంది. ఎవరి తాతల కాలంలోనో రాయి తీసి వదిలేశారు. చానా లోతు. అడుగున నల్లటి నీళ్ళు... వానాకాలమైనా ఎండాకాలమైనా అదే రంగు.

దానికి చెడ్డపేరుంది. పొద్దుగూకాక చంటిబిడ్డతో ఆ గట్టున ఏ తల్లి నడిచినా, లోపలి నుంచి ఒక గొంతు పిలుస్తుందట. గట్టిగా కాదు. చెవిలో చెప్పినట్టు — "వెయ్... లోపలికి వెయ్..."

అందుకని మా ఊరి ఆడవాళ్ళకొక ఆచారం. గుంత దగ్గరికి రాగానే చంకలోని బిడ్డను పక్కమనిషి చేతికిస్తారు. గుంత దాటాక మళ్ళీ తీసుకుంటారు. ఎందుకలా అని ఎవరూ అడగరు. ఎవరూ చెప్పరు.

నాగులమ్మకూ ఎవరూ చెప్పలేదు. ఆమెది పెదకూరపాడు. మొన్నటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, పుట్టింట తొలికాన్పు అయి, మగబిడ్డతో అత్తగారింటికి వచ్చింది. మొగుడు బ్రహ్మయ్య గుంతకు అవతల కొత్త గనిలో రాళ్ళు కొట్టేవాడు. ఒక సాయంత్రం అతనికి అక్కడ కావలి పడితే, కూడు తీసుకుని, బిడ్డను చంకనేసుకుని ఒక్కతే బయల్దేరింది. తర్వాత జరిగింది ఆమె నాకు చెప్పిందే.

గట్టు మీద సగం దూరం నడిచింది. అప్పుడు వినపడింది.

"వెయ్."

బిడ్డ నిద్రపోతున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. మళ్ళీ — "లోపలికి వెయ్."

పరుగెత్తింది. కూడుగిన్నె ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

గుంత అక్కడే ఉండిపోయింది. గొంతు మాత్రం ఆమె వెంట ఇంటికి వచ్చింది.

కత్తిపీట ముందు కూర్చుంటే వచ్చేది. కాగులో నీళ్ళు మరుగుతుంటే వచ్చేది. ఛీ, నా బిడ్డను నేనా... అని తల విదిలించుకునేది. విదిలించుకున్న కొద్దీ ఇంకా దగ్గరికి వచ్చేది. కత్తిపీటను అటక ఎక్కించింది. బిడ్డకు నీళ్ళు పొయ్యడం మానేసింది. రాత్రిళ్ళు తన చేతులు రెండూ పాత చీరపేలికతో మంచంకోడుకు కట్టేసుకుని పడుకునేది. బిడ్డ పాలకు ఏడిస్తే పళ్ళతో ఆ ముడి విప్పుకునేది.

ఒకనాడు అత్త వెంకాయమ్మ ఆ ముడి చూసింది.

"ఏమే, ఏంది ఇది?"

చెప్పేసింది. చెబితే బరువు దిగుతుందనుకుంది పిచ్చితల్లి.

వెంకాయమ్మ మొహంలో నెత్తురు లేదు. మర్నాటికల్లా మాచర్ల వైపు నుంచి ఒక మంత్రగాడు దిగాడు. మిరపకాయల పొగ పెట్టాడు. వేపమండలతో వీపు వాయగొట్టాడు. "బిడ్డనేం చేద్దామని వచ్చావు? చెప్పు... చెప్పు..." అని ఆ పాడుమాటే పదే పదే ఆమె నోట పలికించాడు.

నేను చానా ఏళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నాను. "కిటికీ వంక చూడబాకండిరా" అంటే తలలన్నీ కిటికీ వంకే తిరుగుతాయి. నాకు కోపం తక్కువంటారు. ఆ మంత్రగాణ్ణి తలుచుకుంటే మాత్రం ఈనాటికీ బెత్తం మీద పిడికిలి బిగుసుకుంటుంది. పొమ్మన్నా పోని తలపుకు రోజూ వాకిట్లో పీట వేసి కూర్చోబెట్టాడు వాడు.

చివరికి తేల్చాడు — తల్లి చేతుల్లో ఉంటే బిడ్డ దక్కడని. చిలకలూరిపేటలో బ్రహ్మయ్య అక్కకు పిల్లల్లేరు. తెల్లారి బండి కట్టి బిడ్డను అక్కడికి చేర్చాలనుకున్నారు. ఇక అక్కడే పెరుగుతాడు. తల్లి చూడబోవడం కూడా కుదరదు.

ఆ సాయంత్రం నాగులమ్మకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మంత్రగాడి మీద, అత్త మీద, నోరెత్తని మొగుడి మీద... అన్నిటికీ మించి ఆ గొంతు మీద. బిడ్డను చంకనేసుకుని తిన్నగా గుంత దగ్గరికి నడిచింది.

చీకటి పడింది. కిరసనాయిలు దొరకని రోజులు, ఊరి వైపు ఒక్క దీపం లేదు. గట్టు అంచున నిలబడి లోపలికి తొంగిచూసింది. నీళ్ళు కదల్లేదు.

"ఏందే నీ గోల? బయటికి రా. నీ మొహం చూడాల."

రాతిగోడలు ఆ మాటను తిప్పి కొట్టాయి... చూడాల... డాల...

తర్వాత అంతా నిశ్శబ్దం. అప్పుడు వచ్చింది —

"వెయ్."

నాగులమ్మ చెవి ఒగ్గి వింది. ఈ మాట మోగలేదు. గుంతలోంచి వచ్చేదైతే తన కేకలాగే మోగాలి. ఇది తన తలలోనే ఉంది... తన గొంతుతోనే ఉంది.

మళ్ళీ వచ్చింది. తన చేతుల వంక చూసుకుంది. ఎవరూ కట్టెయ్యలేదు వాటిని. బిడ్డను ఎముకలు నొప్పి పుట్టేలా అదుముకుని ఉన్నాయి.

"అను" అంది పళ్ళు కొరుకుతూ. "ఎన్నిసార్లంటావో అను."

అంతలో రాళ్ళగుట్టల మధ్య ఒక మంట కనిపించింది.

మనిషి లేడు. ఉత్త మంట... పైకీ కిందికీ ఊగుతూ, గట్టు వెంబడి తన వైపే వస్తోంది. కొరివిదెయ్యాల గురించి చిన్నప్పుడు విన్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మంట దగ్గరైంది... ఇంకా దగ్గరైంది... ఆగింది. దాని వెనక ఎవరో వగరుస్తున్నారు.

"ఒసే నాగులూ... బిడ్డేడే?"

వెంకాయమ్మ. దీపానికి చమురు లేక కందికట్టెలు ముట్టించుకుని వెతుక్కుంటూ వచ్చింది.

"నా చంకలో ఉన్నాడు. అంత భయమైతే నువ్వే ఎత్తుకో అత్తా. మీ ఊరి ఆచారమేగా" అని బిడ్డను చాచింది.

వెంకాయమ్మ వెనక్కి జరిగింది. ఖాళీ చేతిని కొంగులో దాచుకుంది.

"నాకియ్యబాక."

"ఏం?"

"నీకు దణ్ణం పెడతా, నాకియ్యబాకే..." గొంతు గుసగుసలోకి దిగిపోయింది. "నాకూ అంటది, వెయ్యమని."

కట్టెలు చిటపటలాడాయి.

"బ్రహ్మయ్య పుట్టిన కాణ్ణుంచీ అంటంది. వాడికి నేను ఒక్కనాడు నీళ్ళు పోసి ఎరగను. మా అమ్మే పెంచింది. ఊళ్ళో ఇంకెంతమందికి అంటదో... ఎవరు నోరిప్పుతారే?"

"వాణ్ణి నువ్వేమన్నా చేశావా?"

"ఛీ. గోరు కూడా తగలనీలా."

"మరి అంతా తెలిసీ నన్ను కొట్టించావే. నా బిడ్డను పేట పంపిస్తానన్నావే." నాగులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నాకూ అంటదని ఆనాడు ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నాలో ఉన్నది నీలోకి దూకిందనుకున్నా... దాన్ని కొడితే ఇద్దరికీ వదులుద్ది అనుకున్నా."

నాగులమ్మ ఆమె చేతిలోంచి కట్టెలు లాక్కుంది. బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది. వదిలి, పక్కకు తప్పుకుంది.

అడుగు దూరంలో గుంత. వెంకాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. బిడ్డ కదిలి ఆమె రవిక పట్టుకున్నాడు.

"ఏమంటంది?"

"వెయ్యమంటంది..."

"అననీ. రేపు బండి?"

"కట్టబాకని చెప్తాలే... మళ్ళీ అంటందే."

"అననీ అత్తా. నడువు."

ఊరి పొలిమేర దాకా అది అంటూనే వచ్చిందట. ఇద్దరూ వింటూనే నడిచారు.