హైదరాబాద్ నుంచి కొలంబో ఎంత దూరం

"పదకొండుకు లేచిన కొలంబో విమానంలో బాంబుంది." చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు ఎప్పటిలాగే పొడిపొడిగా ఉంది. "దాన్ని పేల్చే ట్రాన్స్‌మిటర్ నాచారంలో, మూతపడ్డ షెడ్డులో ఉంది. టైమర్ పన్నెండూ నలభైకి. విమానాన్ని దారి మళ్లిస్తే విదేశీ ముఠా ముందే పేల్చేస్తుంది."

ఉప్పల్‌లో షేర్ ఆటో డ్రైవర్ వేషంలో తిరుగుతున్న ఏజెంట్ మహిపాల్ ఆటోను పక్కకు ఆపాడు. ఆ విమానంలో రాడార్ ఇంజినీర్లు ఆరుగురున్నారు. వాళ్లలో ఒకరు అతని చెల్లెలు హిమజ. టికెట్ తనే తీశాడు.

"ఆపేదెట్ల సార్?"

"నాలుగంకెల కోడ్. మూడే ఛాన్సులు. ముఠా పంపిన మెసేజ్ మనకు దొరికింది: 'రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం పెట్టు' అని. అది చూసి కోడ్ పెట్టినవాడు నాచారం మెకానిక్ మొగిలయ్య. పాపం, అది ఏ మోటారు పెట్టెో అనుకుని ఉంటాడు. మత్తుమందిచ్చి పడేశారు, దవాఖానాలో స్పృహ లేకుండా ఉన్నాడు."

షెడ్డు చేరేసరికి పన్నెండూ ముప్పై ఐదు. వాచీలో దాచిన కట్టర్‌తో తాళం కోసి లోపలికి దూరాడు. చీఫ్ చెప్పిన కిలోమీటర్లు కొట్టాడు. 1130. ఎర్ర లైటు. విమానాలది నాటికల్ మైళ్ల లెక్క కదా అని 0610 కొట్టాడు. మళ్లీ ఎర్ర లైటే.

"చేతులు లేపు, మహిపాలన్నా."

వెనక హరిచందన. నల్ల కళ్లద్దాలు, షిఫాన్ చీర, సైలెన్సర్ పిస్టల్. రెండేళ్లుగా తమ ఆఫీసులో పనిచేస్తూ ముఠాకు వార్తలు మోసిన అందగత్తె.

"కోడ్ చెప్పు చందనా. విమానంల నా చెల్లె ఉంది."

"నాకు గూడ చెప్పలే. జర ఆగు, రెండు నిమిషాల్ల అయిపోతది."

మహిపాల్ ఓరకంట మీటల వైపు చూశాడు. ఆమెను మాటల్లో పెట్టాలని నోటికొచ్చింది అడిగాడు.

"మీ ఇల్లు రామంతాపూర్ కదా. ఈడికి ఎంత దూరం?"

"ఇర్వై నిమిషాలు. ట్రాఫిక్ లేకుంటే పావుగంట."

మహిపాల్ ఉలిక్కిపడ్డాడు. ఈ ఊళ్లో దూరం అడిగితే కిలోమీటర్లు చెప్పే మనిషి ఎవడు? మొగిలయ్యదీ ఈ ఊరే. దూరం పెట్టమంటే ఎంతసేపు పడుతుందో కనుక్కుని అదే పెట్టి ఉంటాడు. హిమజ టికెట్ మీద ఉన్న టైము గుర్తుకొచ్చింది. పదకొండుకు లేస్తే పన్నెండూ ముప్పావుకు దిగుతుంది, అంటే గంటా నలభై ఐదు నిమిషాలు.

వంగి ఒక్క ఉదుటున మీటల మీద పడ్డాడు. 0145. గుండు భుజాన్ని రాసుకుంటూ పోయింది. పచ్చ లైటు వెలిగింది. టైమర్ ఒక్క సెకను దగ్గర నిలిచిపోయింది. హరిచందన తెల్లబోయి అటే చూస్తుంటే మణికట్టు మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు.

చేతులకు బేడీలతో ఆమెను ఆటో ఎక్కించి రోడ్డెక్కాక చీఫ్ మాట్లాడాడు. "విమానం దిగింది. మీ హిమజ క్షేమం."

మహిపాల్ సిగ్గుపడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

"ఆమెను సైనిక్‌పురి ఆఫీసుకు తీసుకురా. ఎంత దూరంలో ఉన్నావు?"

ముందు బస్సు, బస్సు ముందు లారీ, లారీ ముందు ఎవరిదో ఊరేగింపు. ఇంజన్ ఆపేశాడు మహిపాల్.

"ఏడు కిలోమీటర్లు సార్. ఇప్పుడైతే కొలంబోనే దగ్గర."