తునికి పండ్ల చార్టు

ఒంటిపూట బడి ఇంకో గంటలో వదులుతారనగా మనోజ్ఞ గోడకు చార్టు అంటించింది. అది ఏడో తరగతి సైన్స్ ప్రాజెక్టు. ఎర్ర స్కెచ్‌తో పెద్ద అక్షరాల్లో రాసింది: 'మా క్లాసులో కడుపునొప్పి వచ్చినవాళ్లు పదిమంది. అందులో తొమ్మిదిమంది గేటు దగ్గర తునికి పండ్లు తిన్నారు.'

శారద టీచర్ మెచ్చుకుంది. హెడ్మాస్టరు ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. ఆ రోజు మనోజ్ఞ కాళ్లు నేలమీద నిలవలేదు.

మర్నాడు గేటు దగ్గర హేమ్లి బుట్టను లేపించారు. అడవిలో ఏరిన పండ్లు అమ్ముకునే ఆ ముసలామెకు వేసవంతా అదే ఆధారం. ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని తండా దారి పట్టింది.

హేమ్లి మనవరాలు సోనిదీ అదే క్లాసు. సోని వచ్చి మనోజ్ఞ బెంచీ ముందు నిలబడింది.

"నేను గూడ తిన్న. నన్నెందుకు అడగలే?"

"నీకు నొప్పి లేదు గదా. వచ్చినోళ్లనే అడిగిన."

పైకి అన్నాక ఆ మాట మనోజ్ఞకే తేడాగా వినిపించింది. మధ్యాహ్నానికి క్లాసులో నలభైమందినీ అడిగింది. పండ్లు తిన్నవాళ్లు ముప్పై ఆరుమంది. వాళ్లలో తొమ్మిదిమందికి నొప్పి. తిననివాళ్లు నలుగురు. వాళ్లలో ఒకరికి నొప్పి. తిన్నా, తినకపోయినా ప్రతి నలుగురిలో ఒకరికే నొప్పి వచ్చింది. పాత చార్టులో అంకెలన్నీ నిజమే. అందుకే ఆమెకు మరింత సిగ్గేసింది.

కొత్త చార్టు చూసి హెడ్మాస్టరు, "అయిపోయిన ముచ్చట మళ్లెందుకమ్మా?" అన్నాడు. గ్రూపులో పెట్టలేదు.

సాయంత్రం మనోజ్ఞ సోనితో తండాకు వెళ్లింది. వాకిట్లో అమ్ముడుపోని పండ్లు పులిసి, ఈగలు ముసురుతున్నాయి.

"తప్పు నాదే అవ్వా. ఇప్పుడు అందర్ని అడిగిన," అంది మనోజ్ఞ.

"నన్నడగలే గద బిడ్డా. ఏ చెట్టు పండ్లు, ఎట్ల కడిగిన అని ఒక్కమాట అడుగుతరేమో అని చూసిన."

మనోజ్ఞ తల దించుకుంది. "రేపు వస్తవా అవ్వా?"

"రాను. నన్ను లేపంగ అందరు చూసిండ్రు. ఇంక నా దగ్గర ఎవరు కొంటరు?"

మర్నాడు బుట్ట ఉండే చోట మనోజ్ఞ కొత్త చార్టు పట్టుకుని నిలబడింది. పిల్లల్ని దించడానికి వచ్చిన ప్రతి బండినీ ఆపి చెప్పింది. ఇద్దరు ముగ్గురు విన్నారు. మిగతావాళ్లు టైం లేదని వెళ్లిపోయారు. బడికి సెలవులిచ్చే రోజు దాకా ఆమె రోజూ పొద్దున అక్కడే నిలబడింది. హేమ్లి మాత్రం రాలేదు.