గట్టిగా కుట్టని గుండీలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: కుట్టుమిషను దగ్గర నాన్న, కోటుకు అస్తరు వేస్తూ అమ్మ, గుండీల డబ్బా ముందు డిగ్రీ పూర్తిచేసిన అక్క, ఇస్త్రీబల్ల వెనక నేను. కిటికీ పక్కన కొలతల బొమ్మ కూడా ఉంది. దానికి తల లేదు. అయినా లెక్కలో వేశాను. మా ఇంట్లో నా మాట చివరిదాకా వినేది అదొక్కటే.

మా ముందుగదే నాన్న టైలర్ షాపు. బయట వాన దంచుతోంది. తలుపు తోసుకుని లిఫ్ట్ మెకానిక్ వచ్చాడు. చొక్కా తడిసింది, చేతిలో ఫోను, ముఖం నిండా కోపం.

అతను మాకు కొత్త కాదు. వారం తిరిగేసరికి గుండీ ఊడిందంటూ వస్తాడు. అక్క కుడుతుంది. కుడుతున్నంతసేపూ అతను అక్క వేళ్ళనే చూస్తాడు. అక్క మాత్రం గుండీని తప్ప దేన్నీ చూడదు. అంత పట్టుబట్టి చూడకపోవడంలోనే ఏదో ఉందని నా అనుమానం.

"మాస్టారూ, ఇదెవరు రాశారో నాకు తెలియాలి," అంటూ ఫోనులోంచి పైకి చదివాడు. "'మా షాపుకు ఒక లిఫ్ట్ మెకానిక్ వస్తాడు. జనాన్నంతా పై అంతస్తులకు చేరుస్తాడు గానీ, మా గుమ్మం మెట్లెక్కి మా అక్కతో ఒక్కమాట చెప్పలేడు. అందుకే తన గుండీలు తనే తెంపుకుని వస్తాడు.' వారం వారం గుండీ ఊడేది నాకొక్కడికేనని ఆఫీసులో అందరూ నన్ను 'గుండీ' అని పిలుస్తున్నారండీ!"

నేను ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టాను.

ఊరి బళ్ళో టీచర్ లేపి అడిగితే, జవాబు తెలిసీ నాకు నోరు పెగిలేది కాదు. ఇంట్లో నేను మాట మొదలుపెడితే ఇంకెవరో పూర్తి చేసేవాళ్ళు. డైరీ రాశాను. డైరీ వింటుంది గానీ బదులు పలకదు. అందుకే ఎవరికీ చెప్పకుండా బ్లాగు మొదలుపెట్టాను. పేరు లేదు, ఫొటో లేదు. నా ముఖం తెలియనివాళ్ళు నా మాటల్ని చివరిదాకా చదివారు.

"నేనే రాశాను," అన్నాను.

బొమ్మకు తల ఉంటే అదీ నావైపు తిరిగేదే.

"నువ్వా? చూడమ్మా, నేనొక్క గుండీ కూడా తెంపుకోలేదు. ఒట్టు. వాటంతటవే ఊడాయి!"

నాన్న మిషను ఠక్కున ఆగింది.

"వాటంతటవే ఊడాయా? నా షాపులో కుట్టినవా? గుడ్డ చిరగాలి గానీ గుండీ ఊడదే! ఏదీ, ఇలా వెలుగులోకి రా."

నాన్న కళ్ళజోడు సర్దుకుని వంగి, పోయిన వారం అక్క కుట్టిన గుండీని వేలితో కదిపాడు. మా షాపులో గుండీకీ గుడ్డకీ మధ్య దారాన్ని బిగించి చుట్టి, అడుగున ముడివేస్తారు. అక్కకు అది పలక పట్టిన వయసులోనే వచ్చు. ఈ గుండీకి దారం చుట్టనూ లేదు, ముడి వెయ్యనూ లేదు. నాన్న చేతిలోకి పండిన పండులా రాలింది.

"పెద్దదీ! ఏంటిది?"

అక్క తల వంచుకుంటుందనుకున్నాను. ఎత్తింది.

"కావాలనే నాన్నా. గట్టిగా కుడితే మళ్ళీ ఎందుకొస్తాడు?"

మెకానిక్ కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. "అయ్యో, ఒక్కమాట చెప్తే ఊరికే వచ్చేవాణ్ణి కదండీ!" అన్నాడు.

"మీరు చెప్పారా?" అంది అక్క.

అమ్మ నవ్వు ఆపుకోవడానికి అస్తరు గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నకు ఎవర్ని తిట్టాలో తోచలేదు. నేను కనబడ్డాను.

"ముందు నువ్వు ఆ రాతలు తీసెయ్. మొత్తం డిలీట్ చెయ్. ముక్కూమొహం తెలియనివాళ్ళకు మన ఇంటి సంగతులెందుకు?"

"తియ్యను."

"ఏమన్నావ్?"

"తియ్యను నాన్నా. చూడకుండా ఊహించి రాశాను, అది తప్పే. దిద్దుతాను. ఆయనకు సారీ చెప్తాను. బ్లాగు మాత్రం తియ్యను."

"ఆ చదివేవాళ్ళు నీకేమవుతారే?"

"ఏమీ కారు. అందుకే చెప్పగలిగాను. మీరంతా నావాళ్ళే, నా మాట ఎప్పుడైనా పూర్తిగా విన్నారా? ఇదే గదిలో మన కళ్ళముందే అక్క వదులుగా గుండీలు కుట్టింది. మనలో ఎవరికైనా చెప్పగలిగిందా? నేను రాయకపోతే ఇంకా ఊడుతూనే ఉండేవి!"

ఇస్త్రీబల్ల వెనకనుంచి బయటికొచ్చాను. ఫోను తీసి, ఎవరో తెలియని ఒకామె పెట్టిన కామెంట్ చదివాను. "'నాకూ నలుగురిలో మాట రాదు. నువ్వు రాస్తుంటే నేను మాట్లాడినట్టుంది.' ఈమెకు ఏమని చెప్పమంటావు నాన్నా? మా ఇంట్లో వద్దన్నారనా?"

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదే," అన్నాడు నాన్న, అమ్మతో.

"వినిపించుకుంటేగా," అంది అమ్మ.

నాన్న ఊడిన గుండీని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "నీకేమైనా అభ్యంతరమా బాబూ?"

"దేనికండీ? బ్లాగుకా, గుండీలకా?"

"రెండింటికీ."

"బ్లాగులో నన్ను పిరికివాడన్నట్టు రాసింది." మెకానిక్ తడి జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు. "అదొక్కటీ నిజమే మాస్టారూ."

"అయితే లోపలికెళ్ళి, ఆ చెప్పాల్సిందేదో మా అమ్మాయికే చెప్పు. తర్వాత మీ పెద్దవాళ్ళతో నేను మాట్లాడతాను." నాన్న గుండీని అక్క చేతిలో పెట్టాడు. "నువ్వు మాత్రం దీన్ని ముడివేసి కుట్టు. షాపు పరువు తీశావు."

ఇద్దరూ లోపలి గదిలోకి నడిచారు. ఫోను పట్టుకుని నేనూ వెంటపడ్డాను. అక్క గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెక్కడికే?"

"ముగింపు కావాలి కదక్కా. చదివేవాళ్ళు అడుగుతారు."

"ఇది కూడా రాస్తావా?"

"రాస్తాను."

"సరే, రాసుకో. ఈసారి మాత్రం ఊహించి రాయకు. కళ్ళతో చూసిందే రాయి," అని నవ్వుతూ నా ముఖం మీదే తలుపు మూసేసింది.