ఎవల బిడ్డవు

తాండూరు బండలు పరిచిన ఆ గది ఎండవేళ కూడా చల్లగా ఉంది. వీధి చివరి పప్పుమిల్లు నుంచి కందిపొట్టు వాసన వస్తోంది.

పద్మారాణి వికారాబాద్ నుంచి రైల్లో తాండూరు వచ్చింది. బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాక, వందేళ్ల కిందటి ఒక పాటకత్తె గురించి పుస్తకం రాస్తోంది. ఆమెది తాండూరేనని కొందరు, దౌల్తాబాద్ వైపని కొందరు అన్నారు. పేరు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. ఏదో ఒక పేరు పెట్టి ఇచ్చేయమన్నాడు ప్రెస్సు ఆయన. పద్మారాణి ఒప్పుకోలేదు. చచ్చిన మనిషికి నోరు లేదు కదా అని తోచింది రాయడం ఆమె దృష్టిలో దొంగతనమే. పేరు దొరకనిదే పుస్తకం లేదు.

ఆ పాటకత్తెది మిగిలిన ఒకే ఒక్క గ్రామఫోన్ రికార్డు ఈ ఇంటావిడ ఇంద్రమ్మ దగ్గర ఉంది. దాని మీద అంటించిన కాగితం అరిగి అక్షరాలు పోయాయి. అయితే ఆ రోజుల్లో కొందరు పాట చివర తమ పేరు తామే చెప్పుకునేవారు. పద్మారాణి ఆశంతా ఆ చివరి మాట మీదే.

ఇంద్రమ్మ గ్రామఫోన్ పెట్టెకు కీ ఇచ్చి, రికార్డు మీద ముల్లు పెట్టింది.

"పాట ఒడిసినంక ముల్లు లేపు, టీచరమ్మా. మా అత్త గట్లనే చెప్పేది. పాడినామె అడుగుతదట. మనం పలుకొద్దు."

అడిగితే ఆమె పేరు నేనే అడుగుతానని పద్మారాణి నవ్వింది. ఇంద్రమ్మ నవ్వలేదు. చాయ పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

సన్నని గొంతు. బండల గని అడుగు నుంచి వస్తున్నట్టుంది. పాట అయిపోయింది. ముల్లు గరగరమంది. పద్మారాణి లేపలేదు. పెట్టెకు దగ్గరగా చెవి పెట్టింది. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు...

"ఎవల బిడ్డవు?"

ఆ మాట అడిగేవాళ్లు లేక ఎన్నేళ్లయిందో. తల్లి పోయాక తన ఇంట్లో తనను పిలిచే గొంతే లేదు. పైగా పెద్దవాళ్లు అడిగితే పలకకపోవడం తప్పని పెరిగిన మనిషి.

"మొగులమ్మ బిడ్డను. పద్మారాణిని."

రికార్డు ఆగింది. తలకు రాసిన ఆముదం వాసన గుప్పుమంది. పక్కనున్న ఖాళీ కుర్చీ... కిర్రుమంది.

ఆమె అటు చూడలేదు. సంచీ కూడా తీసుకోకుండా స్టేషన్ దాకా ఆగకుండా నడిచింది.

పొద్దుగూకే వేళకు వికారాబాద్‌లో ఇల్లు చేరి లైటు వేసింది. చెప్పకుండా లేచి రావడం మర్యాద కాదు. ఇంద్రమ్మకు ఫోన్ చేసింది.

"నేనక్కా, పద్మారాణిని. చెప్పకుండ వచ్చిన, ఏమనుకోకు."

అవతల కప్పు కింద పెట్టిన చప్పుడు. ఇంద్రమ్మ గొంతు తగ్గించింది.

"పద్మారాణి ఈడనే కూసున్నది గదా. చాయ తాగుతున్నది... నువ్వెవలమ్మా? ఎవల బిడ్డవు?"

తల్లి పేరు చెబుదామని నోరు తెరిచింది. గుర్తు రాలేదు. తన పేరూ రాలేదు. ఇంకేదో పేరు నాలుక మీదికి వచ్చింది... ఎన్నడూ వినని పేరు.

ఇన్నేళ్లూ తాను వెతికింది అదేనని ఆమెకు తెలిసింది.