ముక్కు మీది నొక్కులు

మెట్ల కింద ఆమె పడి ఉంది. తల పగిలింది. ఊపిరి ఎప్పుడో ఆగిపోయింది.

కింద టైలరింగ్ షాపు. పైన ఇల్లు. మధ్యలో ఇరుకు మెట్లు.

"వీడే తోసేశాడు సార్," అన్నాడు దర్జీ. ఆమె భర్త. వేలు కొడుకు వైపు చూపిస్తోంది. "పొద్దున్నే తల్లి మీద అరిచాడు. నేను కింద షాపులోంచి విన్నాను. కాసేపటికే ఇది."

కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి జేబులోనే ఉంది.

ఇన్‌స్పెక్టర్ శవం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముక్కుకి అటూ ఇటూ ఎర్రటి నొక్కులు. తాజావి.

"ఆమెకి కళ్లజోడు ఉందా?"

"నేనే చేయించాను," అన్నాడు దర్జీ. "ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి రెటీనా ఊడితే ఆపరేషన్ అయింది. జోడు పెట్టుకోగానే నన్ను చూసి, 'ఈ ముసలాయన ఎవరు' అని నవ్వింది."

"ఇప్పుడది ఏది?"

మెట్ల మీద లేదు. శవం దగ్గరా లేదు.

"ముందుగా ఆమె దగ్గరికి వచ్చిందెవరు?"

"వీడే."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపాడు. "జేబులోది ఇవ్వు."

కొడుకు ఇచ్చాడు. అద్దం బీటలు వారింది.

"ఎందుకు తీశావు?"

"నేనే తోశాను సార్. తీసుకెళ్లండి."

అడిగినదానికి అది జవాబు కాదు. ఇన్‌స్పెక్టర్ జోడు పట్టుకుని కంటి ఆసుపత్రికి వెళ్లాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చి తండ్రీకొడుకుల్ని షాపులో కూర్చోబెట్టాడు.

"రెటీనా అతుక్కోవడానికి కంట్లో సిలికాన్ నూనె నింపారు. నూనె ఉన్నన్నాళ్లూ కంటికి ఒక పవర్. తీసేశాక ఇంకో పవర్. అందుకే అప్పుడే జోడు వద్దన్నారు డాక్టరు."

"అన్నారు," అన్నాడు దర్జీ. "అన్నాళ్లు దాన్ని చీకట్లో కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. చేయించాను. కనిపించింది కదా?"

"అప్పుడు కనిపించింది. పోయిన వారం నూనె తీసేశారు. ఇక ఈ జోడు పెట్టుకుంటే మెట్టు అంచు ఎక్కడుందో తెలీదు. పెట్టుకోకపోతేనే నయం."

"రోజూ పెట్టుకునేది. బాగా కనిపిస్తోందనేది."

"సార్, ఇక వద్దు," అన్నాడు కొడుకు.

"మీ ముందు మాత్రమే పెట్టుకుంటానని డాక్టరుతో చెప్పిందట." ఇన్‌స్పెక్టర్ కొడుకు వైపు తిరిగాడు. "పొద్దున గొడవ దీని గురించే కదా?"

కొడుకు నేల చూపులు చూశాడు.

"తీసెయ్యమ్మా, పడతావని అరిచాను. 'మీ నాన్న ముచ్చటపడి చేయించారురా. మూల పడేస్తే చిన్నబుచ్చుకుంటారు. కొత్తది వచ్చేదాకా నోరు మూసుకో' అంది. కోపమొచ్చి గదిలోకి పోయాను. చప్పుడు వినబడింది. వచ్చి ముందు జోడు తీసి దాచాను."

"చెయ్యని హత్య నెత్తినేసుకుని జైలుకి పోదామనా?"

"నేను పోతే తిరిగొస్తాను సార్. ఇది తెలిస్తే నాన్న దక్కడు."

ఇన్‌స్పెక్టర్ మెత్తబడలేదు. నిజం సగం చెప్పి వదిలే అలవాటు ఆయనకి లేదు.

"ఎవరూ తొయ్యలేదు. జోడు వల్ల అడుగు తప్పింది. ఇది ప్రమాదం."

దర్జీ కొడుకు మొహం చూడలేకపోయాడు.

"అది కిందికి ఎందుకు బయల్దేరిందో రాసుకున్నారా సార్?"

ఇన్‌స్పెక్టర్ ఆగాడు.

"కొత్త చొక్కాకి ఏ రంగు గుండీలు నప్పుతాయో చూసి చెప్పమని, నేనే కేకేశాను."